విండోస్ 11కు మారిన తర్వాత మా డీటీపీ షాపు

విండోస్ 10కు ఉచితంగా భద్రతా అప్‌డేట్లు అందడం 2025 అక్టోబర్ 14తో ముగిసింది. నడుస్తున్న కంప్యూటర్‌ను ముట్టుకోవద్దన్నది డీటీపీ, జిరాక్స్ షాపులవాళ్లు పాటించే అలిఖిత నియమం కనుక, నల్లగొండలో నాకు తెలిసిన షాపులు కొన్ని ఆ తేదీ దాటినా పాత విండోస్‌తోనే పని సాగిస్తున్నాయి. నేను మాత్రం మా షాపులో మార్చదగిన కంప్యూటర్లను విండోస్ 11కు మార్చాను. ఏం చెడింది, ఏం బాగుపడింది అని తోటి షాపులవాళ్లు అడుగుతున్నారు. గిరాకీ ఉన్నప్పుడు కౌంటర్ దగ్గర నిలబడి అందరికీ చెప్పడం కుదరడం లేదు కాబట్టి వివరంగా రాస్తున్నాను. మాకు ఎదురైన ఇబ్బందుల్లో ఎక్కువ భాగం పాత ప్రింటరు, పాత ఫాంట్లు, పాస్‌వర్డ్ లేని షేర్డ్ ఫోల్డరు వంటి, ఏళ్ల తరబడి అలవాటైన ఏర్పాట్ల దగ్గరే తలెత్తాయి. బాగుపడినవి కూడా నేను ఊహించిన చోట కాక వేరే చోట్ల కనిపించాయి.

అసలు మార్చవలసిన అవసరం ఏమిటంటే, మా షాపులో జరిగే పని స్వభావమే కారణం. మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం విద్యార్థులు ప్రాజెక్టు రిపోర్టులను పెన్‌డ్రైవ్‌లలో తెస్తారు. చండూరు, మునుగోడు వైపు నుంచి వచ్చే రైతులు భూ భారతి దరఖాస్తుల కోసం పట్టాదారు పాసు పుస్తకాలు, ఆధార్ కార్డులు మా చేతికిస్తారు. ఉద్యోగ ప్రకటన వెలువడితే చాలు, నిరుద్యోగులు తమ మెయిల్‌ను మా కంప్యూటర్‌లోనే తెరిచి హాల్‌టికెట్లు తీసుకుంటారు. ఫోల్డర్లన్నీ మాయమై వాటి స్థానంలో షార్ట్‌కట్లు మాత్రమే కనిపించేలా చేసే పెన్‌డ్రైవ్ వైరస్ మా వృత్తిలో ఉన్నవాళ్లకు జలుబంత పరిచయం. 2017 మే నెలలో వానాక్రై అనే వైరస్ ప్రపంచమంతటా కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. అది వాడుకున్న లోపాన్ని సరిచేసే అప్‌డేట్ ఆ సంవత్సరం మార్చిలోనే విడుదలైంది. దాన్ని వేసుకోని కంప్యూటర్లే ప్రధానంగా దెబ్బతిన్నాయి. పది మంది ఆధార్ నకళ్లు పడి ఉండే కంప్యూటర్‌ను అప్‌డేట్లు రాని స్థితిలో ఇంటర్నెట్‌కు కలిపి ఉంచడం నాకు సరైనదనిపించలేదు.

విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా భాగం, కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు నమ్మదగని ప్రోగ్రాములను అడ్డుకునే సెక్యూర్ బూట్ సదుపాయం, కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్కు ఉండాలి. ప్రాసెసర్ ఇంటెల్‌దైతే స్థూలంగా 8వ తరం లేదా ఆ తర్వాతిదై ఉండాలి. మా షాపులోని మూడు కంప్యూటర్లలో రెండు ఈ లెక్కకు వస్తాయి, ఒకటి 4వ తరానిది కాబట్టి రాదు. వచ్చే రెండింటిలో కూడా ఒకదాన్ని పీసీ హెల్త్ చెక్ అనే అప్లికేషన్ మొదట అనర్హమని చూపింది. కారణం టీపీఎం లేకపోవడం కాదు, బయాస్‌లో, అంటే విండోస్ మొదలుకాకముందు తెరిచే సెట్టింగుల్లో, అది ఆపివేసి ఉండడం. ఇంటెల్ బోర్డుల్లో దాన్ని పీటీటీ అనీ, ఏఎండీ బోర్డుల్లో ఎఫ్‌టీపీఎం అనీ పిలుస్తారు కాబట్టి టీపీఎం అనే పేరు కోసం వెతికితే కనిపించకపోవచ్చు. కొత్త కంప్యూటర్ కొనాలని ఎవరైనా చెప్పేముందు ఈ ఒక్కటి చూసుకోవడం మంచిది. సెక్యూర్ బూట్ పనిచేయాలంటే డిస్కు విభజన కొత్త జీపీటీ పద్ధతిలో ఉండాలి. డిస్కు పాత ఎంబీఆర్ పద్ధతిలో ఉన్నవాళ్లు, 64 బిట్ విండోస్ వాడుతున్నట్లయితే, విండోస్‌లోనే ఉన్న ఎంబీఆర్2జీపీటీ అనే సాధనంతో డేటా చెరపకుండానే దాన్ని జీపీటీకి మార్చుకోవచ్చు. ఆ తర్వాత బయాస్‌లో బూట్ పద్ధతిని పాత లెగసీ నుంచి కొత్త యూఈఎఫ్ఐకి మార్చాలి, లేకపోతే కంప్యూటర్ బూట్ కాదు. అయినా ముందుగా ఫైళ్లన్నీ వేరే డిస్కులోకి కాపీ చేసుకోకుండా ఇందులో చెయ్యి పెట్టకూడదు.

అర్హత లేని కంప్యూటర్లలో రిజిస్ట్రీ అనే విండోస్ లోపలి సెట్టింగులు మార్చి విండోస్ 11 ఎక్కించే దారులు యూట్యూబ్‌లో ఎన్నో ఉన్నాయి. అలా ఎక్కించిన వాటికి అప్‌డేట్లు అందుతాయన్న హామీ లేదని మైక్రోసాఫ్టే చెబుతోంది. మేము మారుతున్నదే అప్‌డేట్ల కోసం కనుక ఆ దారిలో వెళ్లడానికి నాకు అర్థం కనిపించలేదు.

కౌంటర్ మీది కంప్యూటర్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. దాని ప్రాసెసర్ 64 బిట్‌దే, ర్యామ్ 8 జీబీ. కానీ పాత ప్రింటరు కోసం, పాత తెలుగు డీటీపీ సాఫ్ట్‌వేర్ కోసం దానిలో 32 బిట్ విండోస్ 10 ఉండేది. ఇలాంటి ఏర్పాటు మా జిల్లాలో ఇప్పటికీ ఎన్నో షాపుల్లో ఉంది. విండోస్ 11కు 32 బిట్ రూపమే లేదు. 32 బిట్ మీద నేరుగా 64 బిట్ ఎక్కించడం కూడా సాధ్యపడదు కాబట్టి, డిస్కు ఖాళీ చేసి మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేయాల్సి వచ్చింది. మామూలు 32 బిట్ ప్రోగ్రాములు కొత్తదానిలోనూ నడుస్తాయి. కానీ ప్రింటరు వంటి పరికరాలను నడిపించే 32 బిట్ డ్రైవర్లు ఎక్కవు, ఇంకా పాతవైన 16 బిట్ ప్రోగ్రాములు అసలు తెరుచుకోవు. మా డీటీపీ సాఫ్ట్‌వేర్‌కు డాంగిల్ అనే, కంప్యూటర్‌కు తగిలించే తాళంచెవి లాంటి చిన్న పరికరం ఉంటుంది, అది పెడితేనే కీబోర్డు లేఅవుట్ పనిచేస్తుంది. కొత్త ఇన్‌స్టలేషన్‌లో మెమరీ ఇంటెగ్రిటీ అనే రక్షణ ఆన్ అయి ఉంటుంది, అది పాత డ్రైవర్లను లోపలికి రానివ్వదు. మా డాంగిల్ డ్రైవర్ అక్కడే ఆగిపోయింది. ఆ రక్షణను ఆపివేస్తే పని జరగవచ్చునని ఒక మిత్రుడు చెప్పాడు. ఒక్క డాంగిల్ కోసం కంప్యూటర్ తలుపు తెరిచి ఉంచడం ఇష్టంలేక నేను ఆ పని చేయలేదు.

ఇక ప్రింటరు. పాతదే అయినా గట్టి యంత్రం, టోనరు చవక, పుట్టిల్లు ఏ దేశమోగాని మా షాపుకు అన్నం పెట్టింది అదే. దాని తయారీదారు 64 బిట్ డ్రైవర్‌ను ఎప్పుడో విడుదల చేసి వదిలేశాడు, అది ఇందులో కుదరలేదు. విండోస్‌తో వచ్చే సాధారణ డ్రైవర్‌తో ప్రింట్ వచ్చింది, స్కానింగ్ రాలేదు. ప్రింట్ వచ్చిందని సంతోషించే లోపే వేరే సమస్య ఎదురైంది. చండూరు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషికి పహాణీ ప్రింట్ ఇస్తే, ట్రేలో నిండా కాగితాలు ఉన్నా ప్రింటరు పసుపు దీపం మిణుకుమిణుకుమంటూ కాగితం కోసం ఆగిపోయింది. “కాగితాలు నిండ ఉన్నయి గద బిడ్డా, ఇంక దేనికోసం జూస్తున్నది?” అని ఆయన అడిగాడు. “అది అమెరికా కాగితం అడుగుతున్నది పెద్దయ్యా” అన్నాను, నిజానికి సంగతి కూడా అంతే. ఇంగ్లిష్ యునైటెడ్ స్టేట్స్ అనే సెట్టింగుతో విండోస్ ఇన్‌స్టాల్ అయితే కొత్తగా చేర్చిన ప్రింటరుకు లెటర్ సైజు కాగితం నిర్ణయమవుతుంది. లెటర్ కాగితం 216 మిల్లీమీటర్ల వెడల్పు, 279 మిల్లీమీటర్ల పొడవు. మనం వాడే ఏ4 అంతకంటే కొంచెం సన్నగా 210, కొంచెం పొడవుగా 297 మిల్లీమీటర్లు ఉంటుంది. ప్రింటరు ప్రాపర్టీస్‌లో ప్రిఫరెన్సెస్ దగ్గర ఏ4 పెట్టినంత మాత్రాన పని పూర్తికాదు. అడ్వాన్స్‌డ్ అనే ట్యాబ్‌లో ప్రింటింగ్ డిఫాల్ట్స్ అని ఇంకొకటి ఉంటుంది, అక్కడ కూడా మార్చాలి. మార్చకపోతే కొన్ని ప్రోగ్రాములు మళ్లీ లెటర్‌నే అడుగుతాయి, మరికొన్ని ఆగకుండా ప్రింట్ ఇచ్చేసి దరఖాస్తు అడుగున ఉండే సంతకం గీతను కోసేస్తాయి. సంతకం గీత లేని దరఖాస్తును కార్యాలయంలో తిప్పి పంపితే ఆ మనిషికి బస్సు చార్జీ దండుగ.

అదే అమెరికా సెట్టింగు తేదీల దగ్గర కూడా తంటా తెచ్చింది. ఎక్సెల్‌లో పుట్టిన తేదీని 07/08 అని కొడితే అది ఆగస్టు 7 కాక జూలై 8 అవుతుంది. పాఠశాలల విద్యార్థుల జాబితాలు కొట్టే షాపుల్లో ఇది చిన్న విషయం కాదు. ఇన్‌స్టాల్ అయిన వెంటనే రీజియన్‌ను ఇంగ్లిష్ ఇండియాకు మార్చి, ఆ తర్వాతే ప్రింటర్లు చేర్చుకుంటే ఈ రెండు చిక్కులూ రావు. రెండు ప్రింటర్లు ఉన్నవాళ్లు డిఫాల్ట్ ప్రింటరును విండోస్ చూసుకోవాలన్న సెట్టింగును కూడా ఆపివేయాలి. అది ఆన్‌లో ఉంటే చివరిగా వాడిన ప్రింటరే డిఫాల్ట్ అవుతుంది. రంగుల ఫొటో ఒకటి తీసిన తర్వాత తెలియక ఇచ్చిన నలుపు తెలుపు కాగితాలన్నీ ఇంకు ప్రింటరులో పడతాయి, ఆ ఇంకు ధర ఎంతో షాపువాళ్లకు చెప్పనక్కర్లేదు.

అన్నింటికంటే నేను ఎక్కువ సమయం పెట్టింది తెలుగు ఫాంట్ల మీద. వర్డ్‌లో మేము యూనికోడ్‌లో, అంటే ఏ కంప్యూటరైనా తెలుగును తెలుగుగానే గుర్తించే పద్ధతిలో, చేసిన ఫైళ్లలో చాలావాటికి గౌతమి ఫాంట్ వాడాం. విండోస్ ఎక్స్‌పీ నాటి నుంచి తెలుగుకు అదే వచ్చేది కనుక అలవాటు అలా స్థిరపడింది. విండోస్ 8తో నిర్మలా యూఐ వచ్చింది. విండోస్ 10 నుంచి గౌతమి, వాణి ఫాంట్లు విడిగా కోరి తెచ్చుకోవలసిన వాటిలోకి వెళ్లాయి. పాత కంప్యూటర్ మీదే అప్‌గ్రేడ్ అవుతూ వచ్చినవాళ్లకు ఈ తేడా తెలియదు, కొత్తగా ఇన్‌స్టాల్ చేసినప్పుడే బయటపడుతుంది. చెరువుగట్టు జాతర కోసం గతంలో ఒక గ్రామం వాళ్లకు చేసిచ్చిన కరపత్రాన్ని తెరిస్తే అక్షరాలు చక్కగానే కనిపించాయి, ఎక్కడా డబ్బాలు రాలేదు. కానీ ఒక్క పేజీలో ఇమిడిన కరపత్రం రెండు పేజీలైంది. గౌతమి స్థానంలో నిర్మలా వచ్చి కూర్చోవడంతో వరుసల మధ్య దూరం, అక్షరాల వెడల్పు మారాయి. “శ్రీ పార్వతీ జడల రామలింగేశ్వర స్వామి” అన్న శీర్షిక మధ్యలో విరిగి, “స్వామి” ఒక్కటే కింది వరుసకు దిగింది. చివరన ఉండే అన్నదానం వరుస రెండో పేజీలోకి జారి ఒంటరిగా నిలిచింది. ఫైలు పైకి బాగానే కనిపిస్తుంది కాబట్టి ఇలాంటి మార్పును తొందరలో ఉన్న మనిషి పట్టుకోలేడు, ప్రింట్ తీసిన తర్వాతే కంటబడుతుంది.

దీనికి పరిష్కారం తేలికే. సెట్టింగ్స్‌లో సిస్టమ్, ఆ లోపల ఆప్షనల్ ఫీచర్స్ అనే చోటికి వెళ్లి తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ అన్నదాన్ని చేర్చుకుంటే గౌతమి, వాణి రెండూ వస్తాయి. ఇంటర్నెట్ ఉంటే చాలు. పాత ఫైలును తెరవకముందే ఈ పని చేసుకోవాలని నా సలహా. కొత్త పనులకు మాత్రం గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే మండలి, రామభద్ర, సురవరం వంటివి వాడడం మొదలుపెట్టాను. సురవరం అన్న పేరు మన పాలమూరు వాడైన, గోలకొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డిది కావడం వల్ల దాని మీద నాకు కొంత పక్షపాతం ఉందని ఒప్పుకోవాలి. అయినా శీర్షికలకు అది నిజంగానే బాగుంటుంది.

కౌంటర్ కంప్యూటర్‌లో టైపు చేసినదాన్ని లోపలి కంప్యూటర్ నుంచి ప్రింట్ తీసేందుకు మేము పాస్‌వర్డ్ లేని ఒక షేర్డ్ ఫోల్డర్ వాడేవాళ్లం. ప్రో ఎడిషన్‌లో విండోస్ 11కు 2024లో వచ్చిన 24హెచ్2 అనే రూపం ఎక్కిన తర్వాత, మీ సంస్థ భద్రతా విధానాలు అతిథి ప్రవేశాన్ని అనుమతించవు అనే అర్థం వచ్చే సందేశం తెర మీద పడింది. మా సంస్థ అంటే నేనూ, మా తమ్ముడూ. మాకు భద్రతా విధానమనేది ఒకటుందని ఆ రోజే తెలిసింది. పాస్‌వర్డ్ లేని ప్రవేశాన్ని తిరిగి అనుమతించే సెట్టింగు ఉన్నా, దాని జోలికి వెళ్లకుండా ఫోల్డర్ ఉన్న కంప్యూటర్‌లో పాస్‌వర్డ్‌తో ఒక మామూలు యూజర్ ఖాతా సృష్టించి, రెండో కంప్యూటర్‌లోని క్రెడెన్షియల్ మేనేజర్‌లో ఆ పేరు, పాస్‌వర్డ్ భద్రపరిచాను. ఆ తర్వాత అది మళ్లీ అడగలేదు. వైఫై పాస్‌వర్డ్ అడిగి వాడుకునే గిరాకీలు రోజూ కూర్చునే షాపులో, అందరి ఆధార్ నకళ్లూ ఉండే ఫోల్డర్ ఇన్నాళ్లూ వాళ్ల ఫోన్లకు కూడా తెరిచే ఉందన్నమాట. ఈ మార్పును నేను ఇబ్బందుల కింద కాక మేలు కింద లెక్కవేస్తాను.

నిజమైన మేళ్లలో మొదట చెప్పవలసింది నోట్‌ప్యాడ్ గురించి, వింతగా ఉన్నా సరే. సేవ్ చేయకుండా మూసినా, తిరిగి తెరిచినప్పుడు రాసింది రాసినట్లే ఉంటుంది. ఒక్క కిటికీలోనే ఎన్నో ట్యాబులు పెట్టుకోవచ్చు. గిరాకీ నోటితో చెప్పే పేర్లు, సర్వే నంబర్లు, ఫోన్ నంబర్లు ముందు నోట్‌ప్యాడ్‌లో కొట్టి తర్వాత దరఖాస్తులోకి మార్చడం మా పద్ధతి. వేసవిలో కరెంటు పోయి, యూపీఎస్ బ్యాటరీ కూడా చేతులెత్తేసిన మధ్యాహ్నాల్లో ఆ వివరాలన్నీ మళ్లీ అడగవలసి వచ్చేది. ఇప్పుడు ఆ అవసరం బాగా తగ్గింది. అయితే కరెంటు ఉన్నట్టుండి పోయినప్పుడు చివరి రెండు మూడు మాటలు పోవచ్చు కాబట్టి ముఖ్యమైనదాన్ని సేవ్ చేయడం మానలేదు.

64 బిట్‌కు మారడంతో ర్యామ్ మొత్తం పనిలోకి వచ్చింది. 32 బిట్ విండోస్ 4 జీబీకి మించి వాడుకోలేదు కాబట్టి మా కంప్యూటర్‌లో సగం ర్యామ్ ఇంతకాలం ఖాళీగానే కూర్చుంది. బ్రౌజర్‌లో దరఖాస్తు, పక్కన పీడీఎఫ్, వెనుక ఫొటో సరిచేసే ప్రోగ్రాము మూడూ తెరిచినా ఇప్పుడు తెర గడ్డకట్టడం లేదు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ట్యాబులు రావడం, విండోస్ మీటతో పాటు జెడ్ నొక్కితే తెరను భాగాలుగా పంచుకునే వీలు ఉండడం చూడడానికి చిన్నవే అయినా, పాసు పుస్తకాన్ని ఒక పక్క చూస్తూ మరో పక్క వివరాలు కొట్టే పనికి బాగా అక్కరకొచ్చాయి. ఆర్ఏఆర్, 7జెడ్ ఫైళ్లు వేరే సాఫ్ట్‌వేర్ లేకుండానే తెరుచుకుంటున్నాయి.

తెలుగు టైపింగ్ విషయానికి వస్తే, ఫొనెటిక్ కీబోర్డు 2019 నాటి విండోస్ 10 అప్‌డేట్‌తోనే వచ్చింది. కాని మా పాత డాంగిల్ ఉన్నంతకాలం దాని వైపు ఎవరూ చూడలేదు. ఇంగ్లిష్ అక్షరాలతో లక్ష్మి అని కొడితే తెలుగులో పడుతుంది, తప్పు పడితే కింద సూచనలు వస్తాయి. కొత్తగా పనిలో చేరిన కుర్రవాడు దీన్ని ఒక పూటలో పట్టుకున్నాడు. పాత లేఅవుట్‌లో వేళ్లు ఆరితేరిన మా తమ్ముడికి మాత్రం ఇది ఇప్పటికీ నత్తనడకగానే ఉంది, అతని ఫిర్యాదు న్యాయమైనదే.

నచ్చనివి కొన్ని ఉన్నాయి. కుడి మీట నొక్కినప్పుడు వచ్చే మెనూలో సగం ఎంపికలు మరో మెనూ వెనుక దాక్కుంటాయి. షిఫ్ట్‌తో ఎఫ్10 నొక్కితే పాత మెనూ నేరుగా వస్తుందని తెలిశాక కోపం తగ్గింది. 24హెచ్2లో వర్డ్‌ప్యాడ్ లేదు, కాబట్టి ఆఫీస్ లేని కంప్యూటర్‌లో ఆర్‌టీఎఫ్ ఫైళ్లకు లిబ్రేఆఫీస్ వేసుకోవాలి. స్టార్ట్ మీటను మధ్య నుంచి ఎడమకు తెచ్చుకోవడం మొదటి పని.

ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. 24హెచ్2 నుంచి కొత్తగా ఇన్‌స్టాల్ చేసి మైక్రోసాఫ్ట్ ఖాతాతో ప్రవేశిస్తే, అర్హమైన కంప్యూటర్లలో డిస్కు దానంతటదే ఎన్‌క్రిప్ట్ అవుతుంది, అంటే కీ లేకుండా చదవలేని రూపంలోకి మారుతుంది. తర్వాత బయాస్‌లో ఏదైనా మార్చినా, బోర్డు మార్చినా 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. ఆ కీ ఆ ఖాతాలోనే భద్రమై ఉంటుంది. ఇన్‌స్టాల్ చేసిన కుర్రవాడు తన సొంత మెయిల్‌తో ఖాతా తెరిచి ఇచ్చి ఉంటే, కీ కోసం అతన్ని వెతుక్కోవలసి వస్తుంది; అతడు దొరక్కపోతే డిస్కులోని ఫైళ్ల మీద ఆశ వదులుకోవలసిందే. షాపు యజమాని తన ఖాతాతోనే ప్రవేశించి, ఆ కీని కాగితం మీద ప్రింట్ తీసి ఇంట్లో పెట్టుకోవడం మేలు.

4వ తరం కంప్యూటర్‌కు విండోస్ 10 అదనపు భద్రతా అప్‌డేట్ల పథకంలో 2026 అక్టోబర్ 13 వరకు గడువు దొరికే వీలుంది. కానీ దాన్ని నేను ఇంటర్నెట్ నుంచి పూర్తిగా తొలగించి లోపలి గదిలో పెట్టాను. డాంగిల్, పాత డీటీపీ సాఫ్ట్‌వేర్, స్కానింగ్ ఇప్పుడు దాని మీదే. పాత పెండ్లి పత్రికల ఫైళ్లను అక్కడ తెరిచి, ఫాంట్లు ఇమిడి ఉండేలా పీడీఎఫ్‌గా మార్చి, మా షాపు పనికే కేటాయించిన పెన్‌డ్రైవ్‌లో కౌంటర్ కంప్యూటర్‌కు తెచ్చి ప్రింట్ ఇస్తున్నాం. ఆ పాత ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలను కూర్చినవి కాబట్టి, ఆ మాటలను కాపీ చేసి వర్డ్‌లో పెడితే అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు వస్తాయి. యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, కానీ వత్తులు, రావత్తుల దగ్గర అవి తడబడుతుంటాయి. మార్చిన ప్రతి పేజీని ఒకరు పాత కాపీ పక్కన పెట్టి చదవాలి. అందువల్ల అన్నీ మార్చే ఆలోచన పెట్టుకోలేదు. ఏటా తిరిగి వచ్చే పనులు, అంటే ఆలయాల కరపత్రాలు, పాఠశాలల ధ్రువపత్రాల నమూనాలు, సంఘాల రసీదు పుస్తకాలు ముందుగా మారుస్తున్నాం. పెండ్లి పత్రికల్లో పేర్లూ ముహూర్తాలూ ఎలాగూ కొత్తగా కొట్టవలసినవే కాబట్టి వాటికి అంచులూ బొమ్మలూ మాత్రం పాత ఫైలు నుంచి తీసుకుని, అక్షరాలు యూనికోడ్‌లో కొడుతున్నాం.